నిద్రపోతే క్యాన్సర్ పాకుతుందా? అమ్మ అలారం పెట్టుకుని మరీ లేచి కూర్చుంటోంది

ప్రశ్న: మేడమ్, మాది నరసరావుపేట. మా అమ్మకి 58 ఏళ్ళు. రెండేళ్ళ కింద ఎడమ రొమ్ములో గడ్డ కనబడితే ఆపరేషన్ చేశారు, కీమో ఇచ్చారు, కరెంటు కూడా పెట్టారు. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని ఉంది. అప్పట్నుంచి రోజూ లెట్రోజోల్ బిళ్ళ వేసుకుంటోంది, ఐదేళ్ళు వాడమన్నారు. దానితో కీళ్ళన్నీ పట్టేసి పొద్దున మంచం దిగలేకపోతోంది. మా పెద్దమ్మేమో, నెలసరి ఆగి పదేళ్ళయిన మనిషికి ఇంకా హార్మోన్ ఎక్కడుంటుందే, దానికి బిళ్ళెందుకు, మానెయ్ అంటోంది. ఇది చాలదన్నట్టు పోయిన నెల మా ఫ్యామిలీ గ్రూపులో "క్యాన్సర్ కణాలు మనిషి నిద్రలో ఉన్నప్పుడే ఒళ్ళంతా పాకుతాయి, ఫారిన్ సైంటిస్టులు తేల్చారు" అని ఒక మెసేజ్ వచ్చింది. అది చదివిన దగ్గర్నుంచి అమ్మ తెల్లవారుజామున మూడున్నరకి అలారం పెట్టుకుని లేచి కూర్చుంటోంది. ఆ వార్త నిజమేనా? బిళ్ళ మానేస్తే ఏమవుతుంది? ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ అలారం తీసేయండి అమ్మా, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

నేను డాక్టర్ని కాదు, ల్యాబ్‌లో చాలా ఏళ్ళు రొమ్ము క్యాన్సర్ కణాలు పెంచిన మనిషిని. కాబట్టి ఆ వార్త వెనక ఏ పని ఉందో, ఆ బిళ్ళ ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో చెప్పగలను గానీ మీ అమ్మగారి మందు మార్చాలా ఉంచాలా అనేది మాత్రం ఆవిడని చూస్తున్న ఆంకాలజిస్టే తేల్చాలి.

వార్త అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. పచ్చి అబద్ధమైతే డిలీట్ కొట్టి ఊరుకునేవాళ్ళం. 2022 జూన్‌లో నేచర్ పత్రికలో స్విట్జర్లాండ్ నుంచి ఒక పేపర్ వచ్చింది, జ్యూరిక్‌లో నికోలా అచేటో అనే సైంటిస్టు టీమ్ చేసిన పని. రొమ్ము క్యాన్సర్ ఉన్న 30 మంది ఆడవాళ్ళ దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి, పొద్దున పదింటికి ఒకసారి రక్తం తీసి, గడ్డ నుంచి ఊడి రక్తంలో తిరుగుతున్న క్యాన్సర్ కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారు. దొరికిన మొత్తం కణాల్లో 78 శాతం నాలుగింటి రక్తంలోనే దొరికాయి. తర్వాత ఎలకల్లో కూడా చూశారు. ఎలకలు రాత్రంతా తిరిగి పగలు పడుకుంటాయి కదా, వాటిల్లో లెక్క తిరగబడింది, పగలే ఎక్కువ కనబడ్డాయి. పైగా నిద్ర టైంలో దొరికిన కణాలు మరింత చురుగ్గా, రెండుగా చీలే పనిలో ఉన్నాయి. రాత్రీ పగలూ బట్టి ఎక్కే దిగే మెలటోనిన్ లాంటి హార్మోన్లకి దీంట్లో చెయ్యి ఉందన్నారు.

ఇంతవరకూ నిజమే. నాకైతే ఆ పేపర్ చదివినప్పుడు భలే ముచ్చటేసింది, ఎందుకంటే మేమెప్పుడూ రక్తం ఎన్నింటికి తీశారు అనేది పట్టించుకున్న పాపాన పోలేదు. దాని వల్ల డాక్టర్లకి కలిసొచ్చేది కూడా అదే, టెస్టుకి రక్తం ఏ టైంలో తీస్తున్నామో చూసుకోవాలి అని. అంతేగానీ మేలుకుని కూర్చున్నవాళ్ళకి క్యాన్సర్ తిరగబెట్టలేదు, పడుకున్నవాళ్ళకి తిరగబెట్టింది అని ఆ 30 మందిలో ఎవరూ చూడలేదు, చూడడానికి పెట్టిన పరీక్షే కాదది. ఆ చివరి ముక్క అమ్మగారి భయం సొంతంగా కలుపుకున్నదే. ఇంకోటి, ఆ కణాలు ఊడేది గడ్డ నుంచి. మీ అమ్మగారి గడ్డ తీసేసి రెండేళ్ళయింది.

సరే, రక్తంలో కణం కనబడితే పాకినట్టేనా అంటే అదీ కాదు. 1970లో ఐజయా ఫిడ్లర్ అనే ఆయన ఎలకల నరంలోకి క్యాన్సర్ కణాలు ఎక్కించి, వాటికి రేడియో గుర్తు పెట్టి, ఎక్కడెక్కడికి పోతున్నాయో వెంటపడి చూశాడు. ఆయన వాడింది చర్మం క్యాన్సర్ కణాలు లెండి, అయినా విషయం అర్థమవుతుంది. ఒక్కరోజు గడిచేసరికి వెయ్యింట ఒకటి మిగిలితే గొప్ప, మిగతావన్నీ చచ్చాయి. రక్తం వాటికి పుట్టిల్లేం కాదు, అక్కడ ఒరిపిడి ఉంటుంది, రోగనిరోధక కణాల కాపలా ఉంటుంది. అంతకంటే ముందు 1889లోనే లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది ఆడవాళ్ళ పోస్టుమార్టం రికార్డులు ముందేసుకుని, ఇది ఏ అవయవానికి పడితే ఆ అవయవానికి వెళ్ళట్లేదే, కాలేయానికీ కొన్ని ఎముకలకీ వెళ్ళినంతగా ప్లీహానికి వెళ్ళట్లేదే, రక్తం మాత్రం అన్నిటికీ పోతోంది కదా అని ఆలోచనలో పడ్డాడు. విత్తనం ఎంత జల్లినా నేల ఒప్పుకోవాలి అని తేల్చాడు. మీ పల్నాడు వాళ్ళకి నేను దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు, ఏ చేలో మిరప వస్తుందో ఏ చేలో రాదో మీకే బాగా తెలుసు. ఆ విత్తనం-నేల మాట మీదే ఇవాళ్టికీ ల్యాబులు నడుస్తున్నాయి.

మీ అమ్మగారి బిళ్ళ పనిచేసేది కూడా ఆ లెక్కలోనే, పొలానికి నీళ్ళు రాకుండా ఆపేసినట్టు. అందుకని ఇప్పుడు మీ పెద్దమ్మ దగ్గరికొద్దాం.

ఆవిడ ప్రశ్నని తీసి పారేయకండి, చాలా మంచి ప్రశ్న అది, సైంటిస్టులకే జవాబు దొరకడానికి ముప్పావు శతాబ్దం పైన పట్టింది. 1896లో గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే డాక్టరు, రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒకావిడకి అండాశయాలు తీసేస్తే గడ్డలు కరిగిపోయాయి అని రాశాడు. ఆయనకి ఆ ఆలోచన ఎక్కడ్నుంచి వచ్చిందనుకున్నారు, పాడి రైతుల దగ్గర్నుంచి! ఈనిన ఆవుకి అండాశయాలు తీసేస్తే పాలు ఇంకా చాలాకాలం ఇస్తుందని వాళ్ళకి తెలుసంట, అయితే రొమ్ముకీ అండాశయానికీ ఏదో లంకె ఉంది అనుకున్నాడాయన. ఆ లంకె కలిపే ఆడ హార్మోన్‌కి ఈస్ట్రోజెన్ అనే పేరే అప్పటికి లేదు. సరే, చిన్న వయసు వాళ్ళకి అండాశయం. మరి నెలసరి ఆగినవాళ్ళకి? 1950ల్లో చికాగోలో చార్ల్స్ హగ్గిన్స్ కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథుల్ని కూడా ఆపరేషన్ చేసి తీసేశాడు, పెద్దవయసు ఆడవాళ్ళలో కూడా కొంతమందికి క్యాన్సర్ తగ్గుముఖం పట్టింది. అంటే అండాశయం మూతపడ్డాక కూడా ఇంకో సరఫరా నడుస్తోందన్నమాట.

అసలు సంగతేంటంటే అడ్రినల్ గ్రంథులు ఆడవాళ్ళలో కూడా కొంచెం మగ హార్మోన్ రకం సరుకు తయారుచేస్తాయి. అది రక్తంలో పడి కొవ్వులోకి, కండలోకి, రొమ్ములో ఉండే కొవ్వులోకి కూడా వెళ్తుంది. అక్కడ అరోమటేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది, అది ఆ సరుకుని ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. అండాశయం పెద్ద మిల్లు అనుకుంటే ఇవి ఇంటింటికీ ఉండే తిరగళ్ళు, మిల్లు మూసేసినా తిరగళ్ళు ఆగవు. అందుకే నెలసరి ఆగినవాళ్ళలో రక్తంలో ఈస్ట్రోజెన్ చాలా తక్కువ కనబడినా గడ్డ లోపల ముక్క తీసి కొలిస్తే దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. లెట్రోజోల్ చేసేది ఆ తిరగలికి అడ్డం పడ్డమే. రోజుకి రెండున్నర మిల్లీగ్రాములు, అంతే, ఒంట్లో అరోమటేజ్ పనిని 98 శాతం పైన ఆపేస్తుంది. ఒకప్పుడు పొట్ట కోసి గ్రంథులు పీకేసి, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ స్టెరాయిడ్ ఇస్తూ సాధించిన పనికి దగ్గర పని అది.

ఇక "అంత తక్కువ హార్మోన్‌తో ఏమవుతుందే" అని పెద్దమ్మ అంటే నా కథ ఒకటి చెప్పండి. నేను ల్యాబ్‌లో చేరిన కొత్తల్లో ఎంసీఎఫ్-7 అనే కణాలు ఇచ్చారు. ఇవి 1970లో అమెరికాలో డెట్రాయిట్‌లో రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒక క్రైస్తవ సన్యాసిని ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోంచి తీసినవి, అంటే అసలు అవి పాకిన కణాలే. ఆవిడ పోయి యాభై ఏళ్ళు దాటినా ప్రపంచంలో ఎన్ని ల్యాబుల్లో ఆ కణాలు ఇంకా పెరుగుతున్నాయో చెప్పలేం, నేను రోజూ పొద్దున డబ్బా తెరిచేటప్పుడు ఆవిడకో దణ్ణం పెట్టుకునేదాన్ని, అలవాటైపోయింది. ఆ కణాలకి ఈస్ట్రోజెన్ లేకుండా చేసి ఆకలితో ఉంచి, ఆపైన మందు ఎలా పనిచేస్తుందో చూడాలి. కణాలకి మేతగా పోసే సీరంలో (రక్తం నుంచి తీసే ద్రవం) ఉండే హార్మోన్లన్నీ బొగ్గుపొడితో లాగేసి మరీ పోశాను. అయినా అవి హాయిగా పెరుగుతున్నాయి! రెండు నెలలు పోయాయి, గైడ్ దగ్గర తిట్లు, హాస్టల్‌కొచ్చి ఏడుపు. చివరికి ఒక సీనియర్ అక్క వచ్చి, నీ మీడియం (కణాలు పెరిగే ద్రవం) గులాబీ రంగులో ఉందేంటి అంది. ఆ రంగు కోసం కలిపే ఫినాల్ రెడ్ అనే డై ఉంది చూశారూ, అది ఈస్ట్రోజెన్‌లా కొంచెం నటిస్తుంది, 1986లోనే అమెరికాలో బయటపెట్టిన విషయం, నేనే చదవలేదు. రంగు లేని మీడియం పోశాక కణాలు నెమ్మదించాయి. రంగు నీళ్ళలో ఉన్న ఆ పిసరుకే లేచి కూర్చునే కణాలు అవి. ఈఆర్ పాజిటివ్ అంటే కణాల్లో ఈస్ట్రోజెన్‌ని అందుకునే గుమ్మాలు (రిసెప్టర్లు) ఉన్నాయని, మీ అమ్మగారి గడ్డ కూడా ఆ జాతే.

బిళ్ళ మానేస్తే ఏమవుతుంది అంటే, మానిన మర్నాడు ఏమీ అవ్వదు, అందుకే మానడం అంత తేలిక. కొన్ని వారాల్లో తిరగళ్ళు మళ్ళీ మొదలవుతాయి, కీళ్ళు కాస్త తేలికవుతాయి, చూశావా పెద్దమ్మ చెప్పిందే నిజం అనిపిస్తుంది. కానీ ఈ రకం క్యాన్సర్‌కి ఓపిక ఎక్కువ. ఆపరేషన్‌కి ముందే ఎక్కడో ఎముక మూలుగలోకి వెళ్ళి పడుకున్న కణాలు ఒకటీ అరా ఉండొచ్చు, కీమోకి కూడా అందకుండా, ఎందుకంటే కీమో ఎక్కువగా చీలుతున్న కణాల్నే కొడుతుంది, అవి చీలకుండా పడుకుని ఉంటాయి. అలాంటివి అసలు ఉన్నాయో లేదో మామూలు స్కానింగ్‌లో తెలీదు. 2017లో 60 వేల మందికి పైగా ఆడవాళ్ళ రికార్డులు కలిపి చూస్తే, ఐదేళ్ళు హార్మోన్‌ని అడ్డుకునే మందు పూర్తిగా వాడి ఆపినవాళ్ళలో కూడా కొందరికి పదిహేనో ఏట, ఇరవయ్యో ఏట తిరగబెట్టింది. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, రెండేళ్ళు బాగుంది కదా ఇక చాల్లే అనేది ఈ జబ్బులో ఎందుకు పనికిరాదో చెప్తున్నా. హార్మోన్‌ని అడ్డుకునే ఇంకో మందు టామోక్సిఫెన్‌ని ఐదేళ్ళు వాడిన ఈఆర్ పాజిటివ్ ఆడవాళ్ళలో పదిహేనేళ్ళ లెక్క చూస్తే రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు మూడోవంతు తగ్గాయి, నెలసరి ఆగినవాళ్ళకి లెట్రోజోల్ లాంటివి దానికంటే ఇంకాస్త మెరుగు.

ఇప్పుడు అసలు బాధకి వస్తా, కీళ్ళనొప్పులు. మీ ఉత్తరంలో దీనికి ఒక్క లైనే రాశారు గానీ నాకైతే మొత్తం ఇక్కడే ఉందనిపించింది. ఇది వేషాలు కాదు, వయసూ కాదు. ఈ రకం మందు వాడేవాళ్ళలో సుమారు సగం మంది ఇదే చెప్తారు, పొద్దున లేచేసరికి వేళ్ళు మడతపడవు, మోకాళ్ళు కట్టెల్లా ఉంటాయి. చాలామంది డాక్టర్ దగ్గర నోరు విప్పరు, అంత పెద్ద జబ్బు నుంచి బయటపడ్డాక నొప్పులేంటి అంటారేమో అని. ఇంట్లో మాత్రం బిళ్ళలు డబ్బాలో మిగిలిపోతుంటాయి, చెకప్‌కి వెళ్తే వాడుతున్నానండీ అంటారు. మానడం కంటే ఈ దాచడం పెద్ద ప్రమాదం. మందు వాడుతున్నారనుకుని డాక్టరు వేసే లెక్కలన్నీ తప్పుతాయి.

కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు మీరు కూడా లోపలికి వెళ్ళండి, అమ్మగారు బానే ఉన్నానండీ అనేలోపే మీరు చెప్పేయండి, పొద్దున ఎంతసేపు పట్టేస్తున్నాయి, ఏ పని చేసుకోలేకపోతోంది అని. దారులు చాలా ఉన్నాయి. ఇదే జాతిలో అనాస్ట్రోజోల్, ఎగ్జెమెస్టేన్ అని ఇంకో రెండు ఉన్నాయి, ఒకటి పడనివాళ్ళకి ఇంకోటి పడడం మామూలే. మార్చేముందు కొన్ని వారాలు గ్యాప్ ఇస్తారు కూడా, అది డాక్టర్ ఇచ్చే గ్యాప్, పెద్దమ్మ ఇచ్చేది కాదు. అదీ కాకపోతే టామోక్సిఫెన్‌కి మార్చొచ్చు, అది తిరగలిని ఆపదు, పిండి దిగే గుమ్మం దగ్గర అడ్డం కూర్చుంటుంది. దానికి వేరే జాగ్రత్తలున్నాయి, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, గర్భసంచి లోపలి పొర మందమవడం, నెలసరి ఆగినవాళ్ళకి మళ్ళీ ఎర్రగా కనబడితే వెంటనే చూపించాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, టామోక్సిఫెన్ మింగినదాన్ని మింగినట్టు పెద్దగా పనిచెయ్యదు, కాలేయంలో ఒక ఎంజైమ్ దాన్ని ఎండాక్సిఫెన్‌గా మారిస్తేనే అసలు పట్టు వస్తుంది. దిగులుకీ ఆందోళనకీ ఇచ్చే పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ లాంటివి ఆ ఎంజైమ్‌నే కట్టేస్తాయి. అందుకని అమ్మగారు నిద్రకనీ, మనసు బాలేదనీ ఇంకెక్కడైనా డాక్టర్ దగ్గర బిళ్ళలు రాయించుకుని ఉంటే ఆ చీటీ కూడా తీసుకెళ్ళండి. మూలికల పొడులు వాడుతుంటే ఆ డబ్బాలు కూడా.

నడక. దీన్ని ఊరికే అందరూ చెప్పేదే అని కొట్టిపారేయకండి, ఈ మందు నొప్పుల మీదే నడక, చిన్న చిన్న బరువులెత్తడం పెట్టి అమెరికాలో పరీక్ష చేశారు, ఏడాది తర్వాత నొప్పి బాగా తగ్గింది. మొదట్లో ఎక్కువ నొప్పి అనిపించొచ్చు, ఆ గండం దాటాలి. అలాగే ఎముకల సాంద్రత స్కాన్ ఉంటుంది, డెక్సా అంటారు, అది ఇప్పటిదాకా తీయకపోతే అడిగి తీయించండి, విటమిన్ డి కూడా చూపించండి, ఎందుకంటే ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముక గుల్లబారుతుంది. ఎముక గట్టిపడ్డానికి ఆరు నెలలకోసారి ఇచ్చే జోలెడ్రోనిక్ ఇంజెక్షన్ ఆవిడకి సరిపోతుందేమో అడగండి. నెలసరి ఆగినవాళ్ళలో ఈ ఇంజెక్షన్ జాతి మందులు ఎముకల్లో తిరగబెట్టడాన్ని కూడా పావువంతుకి పైగా తగ్గించాయి. మళ్ళీ పేజెట్ గారి నేలే చూడండి, విత్తనాన్ని ముట్టుకోకుండా చేనుని మార్చడం.

మీ ఫ్యామిలీ గ్రూపు వాళ్ళ కోసం ఒకటి. ల్యాబ్ మాట మన ఇంటికి ఎలా రావాలో చూపించే పని మన దేశంలోనే జరిగింది. కత్తి తగిలితే పాకుతుంది అని మన ఊళ్ళలో భయం ఉంది కదా, దాన్ని పట్టుకుని ఆపరేషన్ మానుకున్నవాళ్ళు నాకు తెలుసు, అది మహా తప్పు. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లు ఏం చేశారంటే, సరే ఆపరేషన్ టైంలో కణాలు కదిలే అవకాశం ఉందేమో, గడ్డ చుట్టూ మత్తు మందు లిడోకెయిన్ పొడిచి కొన్ని నిమిషాలు ఆగి తీస్తే ఏమవుతుంది అని 1,600 మంది మీద చూశారు. సగం మందికి పొడిచారు, సగం మందికి పొడవలేదు, ఎవరికి అనేది చీట్లు వేసినట్టు తేల్చారు. ఏళ్ళ తరబడి ఆగి 2023లో ఫలితాలు అచ్చేశారు. ఐదేళ్ళకి బతికున్నవాళ్ళు పొడవనివాళ్ళలో 86.4 శాతం, పొడిచినవాళ్ళలో 90.1 శాతం. చూశారా, మనుషుల్ని రెండు జట్లు చేసి, ఏళ్ళు ఆగి, ఎవరు బతికారు అని లెక్కపెట్టాక చెప్పారు. నిద్ర పేపర్‌కి ఇదేదీ జరగలేదు. పైగా రాత్రి షిఫ్టులు చేసేవాళ్ళ సంగతి చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం నైట్ డ్యూటీని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో 2007లోనే పెట్టింది, 2019లో మళ్ళీ చూసి అక్కడే ఉంచింది, అంటే అనుమానమంతా రాత్రి మేలుకోవడం మీదే గానీ నిద్రపోవడం మీద కాదు. అమ్మగారికి ఆ ఫార్వర్డ్ పంపినాయనకి ఈ ముక్క కూడా ఫార్వర్డ్ చేయండి.

అమ్మగారితో ఇదంతా ఒకేసారి చెప్పకండి, భయపడినవాళ్ళకి లెక్కలు ఎక్కవు. కొన్నాళ్ళు మీరే ఆవిడ పక్కన పడుకోండి. మూడున్నరకి మెలకువ వస్తే వచ్చింది, కబుర్లు చెప్పి మళ్ళీ పడుకోబెట్టండి. నెలరోజులైనా నిద్ర కుదురుకోకపోతే అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే.

చివర్లో అడిగారు కదా, మర్చిపోతే రెండు వెయ్యొచ్చా అని. వద్దు. లెట్రోజోల్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది, సగం పోవడానికే రెండు రోజులు పడుతుంది, ఒకపూట తప్పితే కొంపేం మునగదు. అదేరోజు గుర్తొస్తే వేసుకోమనండి, మర్నాడు బిళ్ళ టైం దగ్గరపడ్డాక గుర్తొస్తే వదిలేసి మామూలుగా ఒకటే. అన్నంతో వేసుకున్నా పరగడుపున వేసుకున్నా ఒకటే, కాకపోతే రోజూ ఒకే టైం పెట్టుకుంటే మర్చిపోరు. ఆ అలారం ఎలాగూ ఖాళీ అయింది కదా, దాన్ని రాత్రి ఎనిమిదికి మార్చి బిళ్ళకి వాడుకోమనండి.